మా నాయనది వయసు మరుపా, జబ్బు మరుపా?

గ్రీమ్స్‌పేట పిల్లోడు | శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చిత్తూరు, తిరుపతి వాళ్ళు ఎక్కువ కాబట్టి అడుగుతా ఉండా. మా నాయనకు 72. చిత్తూరులో బెల్లం మండీలో 34 ఏండ్లు గుమాస్తా. చిట్టా, ఆవర్జా అంతా చేత్తో రాసిన మనిషి. షుగర్‌కు 11 ఏండ్లుగా మాత్రలు మింగుతా ఉండాడు. అమ్మ పోయి మూడేండ్లయింది. నేను బెంగళూరులో ఉద్యోగం, పదైదు రోజులకొకసారి వచ్చి పోతా.

ఆర్నెల్లుగా కొన్ని చూస్తా ఉండా. పక్కింటాయన పేరు నోటికి రాదు. "ఆ అదేరా, పసుపు గేటు ఇల్లు, వాళ్ళోడు దుబాయిలో ఉండాడే" అని చరిత్రంతా చెప్తాడు, పేరు మాత్రం దొరకదు. వంటింట్లోకి పోయి "నేనెందుకొస్తినబ్బా" అని నిలబడతాడు. పోయిన నెల తిరుపతిలో పెండ్లికి పోతా ఇక్కడి బస్టాండులో స్కూటర్ పెట్టినాడు. రాత్రి తిరిగొచ్చి ఎక్కడ పెట్టిందీ తెలీక ముప్పావు గంట వెతికినాడంట. నాకు చెప్పలేదు, ఆటో ఆయన చెప్పినాడు.

అట్లని లెక్కలో తగ్గినాడా అంటే లేదు. పోయిన ఆదివారం ఊరికే అడిగినా, "42 దిమ్మెలు, దిమ్మె 11 కిలోలు, కిలో 43, కమీషన్ నూటికి నాలుగు, రైతుకు ఎంత?" అని. నేను ఫోన్ తీసేలోపల "పందొమ్మిదివేల డెబ్బై ఒకటీ ముప్పై ఆరు పైసలు" అనేసినాడు. సరిగ్గా అంతే.

నేను చేసిన తప్పు పని ఒకటుంది. ఏదో చదివి, "నాయనా ఈరోజు తేదీ ఎంత? మన జిల్లా పేరేమి?" అని అడిగినా. "నన్ను ఒకటో క్లాసులో కూర్చోబెడతావేమిరా?" అని లేచిపోయినాడు. రెండు రోజులు మాటల్లేవు. ఇది వయసా, జబ్బా? ఎవురికైనా తెలిస్తే చెప్పండి.

తోతాపురి | శుక్రవారం రాత్రి 9:58

ముందు నీ భార్య ఫోన్ నంబరు చూడకుండా చెప్పు తమ్ముడూ. తర్వాత మీ నాయన సంగతి మాట్లాడదాం.

గ్రీమ్స్‌పేట పిల్లోడు | శుక్రవారం రాత్రి 10:03

చెప్పలేనన్నా.

పాత సైకిల్ | శుక్రవారం రాత్రి 11:20

నేను తిరుపతిలో సైకాలజీ పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని. వయసు 74. కాబట్టి కొంత పుస్తకంలోది, కొంత నా సొంత బుర్రలోది.

"జ్ఞాపకశక్తి తగ్గింది" అని అంతా ఒక ముద్దగా అనేస్తాం. మీ నాయనగారి విషయంలోనే మూడు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. రేమండ్ కాటెల్ అనే ఆయన 1940లలోనే తెలివిని రెండుగా విడదీశాడు. ఎన్నడూ చూడని చిక్కు ఎదురైతే అప్పటికప్పుడు విప్పేది ఒకటి, బతుకంతా పోగేసుకున్నది ఇంకొకటి. మొదటిది ఇరవైలలోనే పైకెక్కి ఆ తర్వాత మెల్లమెల్లగా దిగుతుంది. రెండోది, అంటే మాటల పరిచయం, పనిలో ఆరితేరడం, అరవై దాటాక కూడా నిలబడుతుంది, పెరుగుతుంది కూడా. బెల్లం లెక్క ఆయన కొత్తగా వెయ్యడం లేదు, అది ఆయన చేతివాటం. అదే మనిషికి కొత్త ఫోన్ ఇచ్చి డబ్బులు పంపడం నేర్పించండి, అప్పుడు తెలుస్తుంది తిప్పలు.

ఇక పేర్లు. అన్నిటికంటే ముందు జారిపోయేవి అవే. ఒక ప్రయోగం ఉంది. ఒకే ఫోటో చూపించి కొందరికి "ఈయన ఇంటిపేరు బేకర్" అన్నారు, కొందరికి "ఈయన వృత్తి బేకర్, రొట్టెలు కాలుస్తాడు" అన్నారు. మాట ఒకటే. కానీ వృత్తిగా విన్నవాళ్ళకే బాగా గుర్తుంది. రొట్టె అనగానే పొయ్యి, పిండి, వాసన అన్నీ పట్టుకొమ్మలుగా వస్తాయి. పేరుకు అట్లాంటి కొమ్మ ఏదీ లేదు, గోడకు ఆనించని నిచ్చెనలాంటిది. మీ నాయనకు పసుపు గేటు గుర్తుంది, దుబాయి గుర్తుంది, పేరు లేదు. ఇది అచ్చం వయసు తీరే. నాకూ జరుగుతుంది. గాంధీ రోడ్డులో నా దగ్గర చదివిన అమ్మాయి ఎదురై కాళ్ళకు దండం పెట్టింది. ఏ బెంచీలో కూర్చునేదో గుర్తొచ్చింది, పేరు రాలేదు. "బాగున్నావా తల్లీ" అని గట్టెక్కాను. తల్లీ అనే మాట లేకపోతే మా వయసువాళ్ళకు బజారులో నడవడం కష్టం.

స్కూటర్ సంగతి వేరు. పెండ్లికి ఆలస్యమవుతోందనే గాబరాలో పెట్టి ఉంటారు. మనసులో పడనిదాన్ని మరిచిపోయారని ఎట్లా అంటాం? వంటింట్లో నిలబడిపోవడం గురించి అసలు చెప్పను, నా విద్యార్థులకే జరిగేది.

ఇంకొకటి. ఆయన్ని మీతోనో మీ ఆఫీసు కుర్రవాళ్ళతోనో పోల్చకండి. అమెరికాలో వార్నర్ షాయీ 1956లో సియాటిల్‌లో ఒక అధ్యయనం మొదలుపెట్టాడు. పాతికేళ్ళవాళ్ళను, డెబ్బై ఏళ్ళవాళ్ళను ఒకేరోజు కూర్చోబెట్టి పరీక్షిస్తే పెద్దవాళ్ళు ఘోరంగా వెనకబడ్డట్టు కనిపించింది. అదే మనుషులను 7 ఏళ్ళకొకసారి పిలిచి మళ్ళీ మళ్ళీ పరీక్షిస్తే చాలామందిలో అరవై దాకా చెప్పుకోదగ్గ తరుగుదల లేదు. తేడాలో చాలా భాగం వయసుది కాదు, చదువుది, పెరిగిన కాలానిది. మా అమ్మ మూడో తరగతి, నేను ఎమ్మే. మా ఇద్దరి తేడా అంతా వయసు మీదికి తోస్తే ఎట్లా?

అందుకని ఆయనకు ఆయనే కొలబద్ద. ప్రశ్నలు అడగడం మానేసి ఒక నెల ఊరికే రాసిపెట్టండి, ఏం మరిచారు, తర్వాత తనంతట తనకు గుర్తొచ్చిందా లేదా అని. ఆ రెండో గడి ముఖ్యం.

బైరాగిపట్టెడ | శనివారం ఉదయం 6:15

ఇంత వ్యాసం అక్కరలేదు. సరస్వతి ఆకు లేహ్యం, నానబెట్టిన బాదం 7. మా పెదనాయనకు ఇచ్చినాము. ఫోన్‌లో మెదడు ఆటల ఆప్ కూడా ఉంది, ఏడాదికి నాలుగు వేలు. కట్టినాము.

తోతాపురి | శనివారం ఉదయం 6:40

మీ పెదనాయనకు ఇప్పుడు జ్ఞాపకశక్తి ఎట్లుంది?

బైరాగిపట్టెడ | శనివారం ఉదయం 6:52

ఆటలో 14వ లెవెల్.

తోతాపురి | శనివారం ఉదయం 6:53

అది కాదన్నా నేనడిగింది.

పాత సైకిల్ | శనివారం ఉదయం 8:10

నవ్వాను గానీ ఈ ప్రశ్నకు జవాబుంది. అమెరికాలో 65 దాటిన 2,832 మందిని గుంపులుగా చేసి, కొందరికి జ్ఞాపకశక్తి తర్ఫీదు, కొందరికి తర్కం, కొందరికి చూపు చురుకుదనం మీద తర్ఫీదు ఇచ్చారు. ఎవరికి ఏది నేర్పితే అందులోనే మెరుగయ్యారు, పక్కదానికి పాకలేదు. 10 ఏళ్ళ తర్వాత చూస్తే తర్కం, చురుకుదనం తర్ఫీదుల ఫలం నిలిచింది, జ్ఞాపకశక్తి తర్ఫీదు ఫలం నిలవలేదు. ఆటలో 14వ లెవెల్ ఎక్కిన ఆయన ఆటలో బాగా ఆడతారు. అంతవరకు మంచిదే.

వార్డు అక్క | శనివారం మధ్యాహ్నం 2:30

నైట్ డ్యూటీ దిగి నిద్రలేచి చూస్తా ఉండా. మేడమ్ చెప్పింది బాగుంది కానీ తమ్ముడి పోస్టులో ఒక మాట ఎవురూ పట్టుకోలా. షుగర్‌కు 11 ఏండ్లుగా మాత్రలు. అది మెట్‌ఫార్మిన్ అయితే, ఏండ్ల తరబడి వాడేవాళ్ళలో బీ12 విటమిన్ తగ్గే అవకాశం ఉంది. గ్యాస్ మాత్రలు కూడా రోజూ వేసుకుంటా ఉంటే ఇంకా. మీ నాయన కూరగాయల భోజనమా? అయితే మరీ. బీ12 తగ్గితే మరుపు, కాళ్ళు తిమ్మిరి, మనసు బాగలేకపోవడం అన్నీ వస్తాయి. థైరాయిడ్ కూడా అంతే. ఒక రక్తపరీక్షతో తెలిసిపోయేదానికి ఆర్నెల్లు భయపడతా కూర్చోవద్దు.

నిద్రమాత్రలేమైనా వేసుకుంటా ఉండాడా చూడు. అమ్మ పోయినంక చానామంది మొదలుపెడతారు, ఎవురికీ చెప్పరు. మనసులో దిగులు కూడా మరుపు వేషం కట్టుకుని వస్తుంది.

చెవులు ఎట్లుండాయి? టీవీ సౌండు పెంచినాడా? సగం మాట వినబడితే మిగతా సగం పూరించుకోడానికే బుర్ర అలిసిపోతుంది, దాచుకోడానికేముంటుంది? 2024లో లాన్సెట్ పత్రిక వేసిన కమిషన్ 14 కారణాలు చెప్పింది, అవన్నీ సరిచేసుకోగలిగితే డిమెన్షియాలో, అంటే మతిమరుపు జబ్బులో, 45 శాతం దాకా ఆపడమో వెనక్కి తోయడమో వీలంట. వినికిడి లోపం అందులో పెద్ద వాటిలో ఒకటి. షుగర్, బీపీ, పొగ, ఒంటరితనం కూడా ఉండాయి.

ఇంకొకటి అందరూ తెలుసుకోండి. మా వార్డులో ఒకాయన, 78. తుంటి ఎముక విరిగి, ముందు పుత్తూరు కట్టు కట్టించుకుని, నొప్పి తగ్గక మా దగ్గరికొచ్చినాడు. ఆపరేషన్ అయిన రెండో రాత్రి "పైన గంగమ్మ జాతర వేషాలు పోతా ఉండాయి, ఆ బండ వేషం వాడు నన్ను తిడతా ఉండాడు" అని అరుపులు. సెలైన్ పీకేసినాడు. ఆ తెల్లారే కొడుకులు వరండాలో ఆస్తి కాగితాల మాట మొదలుపెట్టినారు, ముసలాయనకు మతి పోయిందని. చూస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం తక్కువ. నాలుగో రోజుకు మామూలు మనిషి. కాఫీలో చక్కెర తక్కువని నన్నే తిట్టినాడు. ఒక్కరాత్రిలో వచ్చిన మతి తప్పడం డిమెన్షియా కాదు, ఒంట్లో ఇంకేదో జరుగుతా ఉందని అర్థం. వెంటనే ఆసుపత్రికి పోవాల.

గ్రీమ్స్‌పేట పిల్లోడు | శనివారం మధ్యాహ్నం 3:05

అక్కా, మెట్‌ఫార్మినే. గ్యాస్ మాత్ర కూడా రోజూ. టీవీ సౌండు వీధి చివరికి వినబడతాది. ఇవన్నీ కలిపి చూడాలని నాకు తట్టలేదు.

ఘనాంతం | శనివారం సాయంత్రం 5:45

మాది వేదపాఠశాల చదువు. పదిమంది ముందు ఒక మాట చెప్పుకోవాలి. మా గురువుగారికి 81, ఘనపాఠి. ఘన అంటే తెలియనివారికి: వేదంలో పదాలను ముందుకూ వెనక్కూ తిప్పి చదివే పద్ధతి. రెండు పదాలు తీసుకుంటే 1-2, 2-1, ఆపై మూడోది కలిపి 1-2-3, 3-2-1, 1-2-3, ఇట్లా సంహిత మొత్తం. ఈ మధ్య కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతారు. పిల్లవాడు స్వరం తప్పితే మాత్రం పక్కగదిలోంచి "ఊఁ" అని వినబడుతుంది.

జేమ్స్ హార్ట్‌జెల్ బృందం 2016లో ప్రకటించిన పరిశోధన ఒకటుంది. 21 మంది వేదపండితుల మెదళ్ళను, అదే ఈడు ఇంకో 21 మంది మెదళ్ళతో పోల్చారు. పండితులలో చాలాచోట్ల మెదడు పైపొర మందంగా ఉంది, జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోకాంపస్‌లో కూడా తేడా ఉంది. కాబట్టి ధారణ అభ్యసిస్తే మతిమరుపు దగ్గరికి రాదు.

పాత సైకిల్ | శనివారం సాయంత్రం 6:30

చివరి వాక్యం తప్ప అన్నీ సరే. ఆ పండితులు యువకులు. ముసలితనం గురించి ఆ పరిశోధన ఏమీ చెప్పలేదు. చదవడం వల్ల మెదడు అట్లా అయిందా, అట్లాంటి మెదడున్న పిల్లలే పదేళ్ళ చదువు తట్టుకుని నిలబడ్డారా అన్నదీ తేలలేదు. మీ గురువుగారి కళ్ళజోడే సాక్ష్యం. ఏది అభ్యసిస్తే అది నిలుస్తుంది.

ఘనాంతం | శనివారం సాయంత్రం 6:41

ఒప్పుకుంటున్నాను. గురువుగారికి చదివి వినిపించాను. "ఆవిడ చెప్పింది నిజమే, కళ్ళజోడుకు ఘన లేదు" అన్నారు.

కుప్పం మూడుభాషలు | శనివారం రాత్రి 8:00

మా సరిహద్దువాళ్ళకు ఈ బాధ లేదు. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, బస్సెక్కితే కన్నడం. రెండు మూడు భాషలొస్తే డిమెన్షియా రాదని హైదరాబాదు పరిశోధనే చెప్పింది.

పాత సైకిల్ | శనివారం రాత్రి 8:35

రాదని చెప్పలేదండీ. సువర్ణ అల్లాడి, హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రి సహచరులు 2013లో ప్రకటించారు. 648 మంది, అందరూ అప్పటికే జబ్బు వచ్చినవాళ్ళే. ఒక్క భాషవాళ్ళకంటే రెండు భాషలవాళ్ళలో సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడికి పోనివాళ్ళలోనూ ఆ తేడా కనబడడం అందులో గొప్ప సంగతి, ఎందుకంటే దాన్ని చదువు ఖాతాలో వెయ్యలేం. అయితే వేరే దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నీ దీన్ని సమర్థించలేదు.

అనపగింజలు | ఆదివారం తెల్లవారుజామున 4:20

మా అమ్మకు రెండు భాషలూ వచ్చు. అయినా వచ్చింది. అందుకే రాస్తా ఉండా.

మాది చంద్రగిరి. అమ్మకు 79. పుట్టింది గుడియాత్తంలో, తమిళం. 17వ ఏట మా నాయన్ను చేసుకుని వచ్చింది. 60 ఏండ్లు మా ఊర్లో తెలుగే. మా జేజి కంటే బాగా సామెతలు చెప్పేది. వీధిలో సగం మందికి ఆమె తమిళామె అని తెలియదు.

మొదట పేర్లు మరవలేదు. ఒకరోజు రసం పెట్టింది. చింతపండు పిసికి పోసింది. మిరియాలు దంచింది. మళ్ళీ చింతపండు నానబెట్టింది. "అమ్మా పోసినావు కదా" అంటే "యాడ పోస్తిని?" అని గిన్నె చూసింది. గిన్నెలో ఉంది. చూస్తా ఉండి కూడా ఆమెకు పోసినట్టు లేదు. నేను నవ్వినా, "వయసు కదమ్మా" అన్నా. ఆ సంవత్సరమే ఉగాది పచ్చడికి బెల్లమా ఉప్పా ముందని నన్నడిగింది. మేడమ్ చెప్పిన రెండో గడి మాకు ఎప్పుడూ ఖాళీనే. తర్వాత గుర్తురావడం అనేది లేదు.

ఇప్పుడు తెలుగు పోయింది. పైన వేసిన సున్నం రాలితే కింద పాత గోడ కనబడినట్టు తమిళమే మిగిలింది. నన్ను అక్కా అంటుంది. సాయంకాలం దీపాలు పెట్టే వేళకు చీర ఒకటి మూటకట్టుకుని గడప దగ్గర నిలబడతాది, "నాన్ వీట్టుక్కు పోగణుం" అని. ఇంటికి పోవాలంట. ఇదే ఇల్లని చెప్తే ఏడుస్తుంది. చెప్పడం మానేసినా. "సరే అక్కా, కాఫీ తాగి పోదాం" అంటా, నాకొచ్చిన నాలుగు తమిళం ముక్కల్లో. కాఫీ తాగేసరికి మూట మరిచిపోతుంది. ఈరోజు మూడున్నరకే లేచింది.

తమ్ముడూ, మీ నాయన లెక్క చెప్పినాడంటే నాకు సంతోషం. కానీ "వయసు కదా" అని నేను రెండేండ్లు అన్నా. అందరూ ధైర్యం చెప్తా ఉండారు, చెప్పనీ. నువ్వు మాత్రం చూపించు.

వార్డు అక్క | ఆదివారం ఉదయం 7:10

అక్కా, నువ్వు రోజూ ఇదంతా ఒక్కదానివే చూసుకుంటా ఉండావా? పగలు రెండు గంటలైనా నిద్రపో. నీకు వేరే మెసేజ్ పెట్టినా, చూడు.

తమ్ముడూ, ఆమె చెప్పిందే నా మాట కూడా. దేశంలో 60 దాటినవాళ్ళలో డిమెన్షియా 7.4 శాతం అని పెద్ద సర్వే అంచనా. అంటే నూటికి 92 మందికి పైగా లేదు. కానీ నువ్వు నూరుమందికి కొడుకువి కాదు కదా. పేరు మరిస్తే ఆగచ్చు. తెలిసిన పని వరస తప్పితే, తెలిసిన దారి తప్పితే, అడిగిందే పది నిమిషాల్లో మళ్ళీ అడిగితే, డబ్బు చేతికిచ్చినవాడు ఎవుడో తెలీకపోతే ఆగొద్దు.

మెట్లదారి | ఆదివారం ఉదయం 10:30

నేను 68. నెలకు రెండుసార్లు అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతా, 3,550 మెట్లు. నాకేమీ మరుపు లేదు.

తోతాపురి | ఆదివారం ఉదయం 10:44

ఇదే మాట మొన్న మామిడి తెగులు చర్చలో కూడా చెప్పినావన్నా, అలిపిరితో సహా.

పాత సైకిల్ | ఆదివారం ఉదయం 11:15

పాపం ఆయన్ని వదిలేయండి, ఆ నడక మంచిదే. 2011లో వచ్చిన ఒక ప్రయోగంలో 120 మంది పెద్దవాళ్ళలో సగంమంది ఏడాదిపాటు వారానికి 3 రోజులు, రోజుకు 40 నిమిషాలదాకా నడిచారు. వాళ్ళ హిప్పోకాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్ళు సాగదీసే వ్యాయామం మాత్రమే చేసినవాళ్ళకు ఆ ఏడాదిలో కొంచెం తగ్గింది. మెట్లే అక్కరలేదు, చదును నేల చాలు. నా మోకాళ్ళు ఇప్పుడు కపిలతీర్థం దాకానే ఒప్పుకుంటాయి.

గ్రీమ్స్‌పేట పిల్లోడు | నాలుగు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 9:15

అందరికీ దండాలు. చూపించినాము. బీ12 బాగా తక్కువుంది, సూదులు మొదలుపెట్టినారు. చెవులు రెండూ తగ్గినాయి, కుడిది ఎక్కువ. మిషన్ పెట్టుకోమంటే "నాకు వినబడతాది, మీరే గొణుగుతారు" అంటాడు. గడియారం బొమ్మ గీయించినారు, గీసినాడు. కొన్ని మాటలు చెప్పి కాసేపటికి మళ్ళీ అడిగినారు, ఐదులో మూడు చెప్పినాడు. జబ్బు అని అనలేదు, లేదనీ అనలేదు. ఆర్నెల్లకు మళ్ళీ రమ్మన్నారు.

మేడమ్, మీరు రాయమన్నారు కదా. నేను రాస్తా ఉంటే ఆయన చూసినాడు. పోట్లాడతాడనుకున్నా. "గుమాస్తా ఎవుడు, నువ్వా నేనా?" అని పుస్తకం లాక్కున్నాడు. ఇప్పుడు ఆయనే రాస్తా ఉండాడు, మండీలో రాసినట్టే నిలువుగీత కొట్టి. ఎడమపక్క "పోయినవి", కుడిపక్క "తిరిగి జమ". నిన్న నిద్రపోయినంక తీసి చదివినా.

4వ తేదీ. పసుపు గేటు ఆయన పేరు. జమ: అదే దినం స్నానం చేయుచుండగా.

9వ తేదీ. గ్యాస్ బుక్ చేసితినా లేదా. జమ: లేదు. మరల చేయగా రెండు సిలిండర్లు వచ్చినవి.

13వ తేదీ. కాణిపాకంలో చెప్పులు విడిచిన చోటు. జమ: చెప్పులే పోయినవి, లెక్కలోకి రాదు.

17వ తేదీ. పిల్లవానిని తమ్ముని పేరుతో పిలిచితిని. జమ: వెంటనే. తమ్ముడు పోయి 11 ఏండ్లు.

ఆ 17 నాకు గుర్తుంది. నన్ను చిన్నాయన పేరుతో పిలిచి, ఒక్క క్షణం నా మొహం చూసి, నీళ్ళు తెమ్మన్నాడు. నేను గమనించలేదనుకున్నాడు.

అనపగింజలు | ఆదివారం రాత్రి 9:50

ఆ పుస్తకం పారేయొద్దు. ఆర్నెల్లకు పోయేటప్పుడు తీసుకుపో.

తోతాపురి | ఆదివారం రాత్రి 10:02

రెండో సిలిండరు ఏం చేసినారు?

గ్రీమ్స్‌పేట పిల్లోడు | ఆదివారం రాత్రి 10:06

పసుపు గేటు ఆయనకు ఇచ్చినాడన్నా. పేరు పెట్టి పిలిచి ఇచ్చినాడంట, అది కూడా రాసుకున్నాడు.